కంటి దెబ్బ, పదకొండోవాడు

నందిగామ, 14-9-61

చి.ల.సౌ. ప్రసూనాంబకు దీవెనలు.

ఎవరో చెప్పేలోపు నేనే రాస్తున్నాను. పోయిన వారం కాలేజీలో కొత్త హాకీ జట్టుకు ఆట నేర్పుతుంటే బంతి ఎగిరి నా కుడికంటికి తగిలింది. ఇక ఆ కంటికి చూపు రాదని బెజవాడ డాక్టరు చెప్పాడు. ఎడమకన్ను బాగానే ఉంది, దిగులుపడకు.

ఆ బంతి కొట్టిన రత్తయ్య భయపడి, చదువు మానేసి వీరులపాడు వెళ్ళిపోయాడు. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. "మీ కన్ను తీసినోణ్ణి మళ్ళీ ఎట్టా పిలుస్తున్నారండీ?" అని వాళ్ళమ్మ ఏడ్చింది. "వీడు రాకపోతే జట్టులో పదిమందే మిగులుతారమ్మా" అన్నాను. ఈ ఉదయం వచ్చాడు గానీ బంతి ముట్టుకోడు. నేనే ఎదురుగా నిలబడి కొట్టించాను.

గేదె ఈనిందా? పాత దుప్పట్లు రెండు ఉతికి ఉంచు, గోలు కాసేవాడి కాళ్ళకు కట్టాలి. అమ్మకు నెమ్మదిగా చెప్పు. ఆదివారం మొదటి బస్సుకు జగ్గయ్యపేట వస్తాను. కంటికట్టు చూసి మన పాప జడుసుకుంటుందేమో, దానికీ ముందే చెప్పి ఉంచు.

రామబ్రహ్మం