దొర సమాధి మీద దీపం

మైదుకూరు, శనివారం రాత్రి

కాళ్ళు లాగేస్తున్నాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆవిడకు దుబాసీగా ఉంటానని బుద్ధి తక్కువై ఒప్పుకున్నాను. ఈ ఎండలో ఊరవతల దొర సమాధి దాకా నడిపించింది.

అందులో ఉన్నది ఆవిడ ముత్తాతకు తాత. పాళెగాళ్ళ మీద యుద్ధంలో చూపిన ధైర్యానికి పతకం పొందిన సైనికాధికారి. ఆ పతకం ఇప్పటికీ వాళ్ళింట్లో గోడకు ఉందట. సమాధి మీద దీపం, పసుపు కుంకుమ, వేపమండలు చూసి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఎందుకు పూజిస్తున్నారో అడగమంది.

దీపం పెట్టే లింగమ్మను అడిగాను.

"పూజేంది సార్! ఈ దొర మా ఊరోళ్ళను వరసగా నిలబెట్టి కాల్పించినాడంట. ఈడనే జ్వరమొచ్చి సచ్చినాడు. మళ్ళా లేచి ఊరి మీద పడకుండా మా అవ్వ కాలం నుంచి దీపం పెడ్తాండాం."

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. చివరికి, "మీ పెద్దాయనను ఈ ఊరు ఇంకా మరిచిపోలేదంటోంది" అన్నాను. ఆవిడ లింగమ్మను కావలించుకుని ఏడ్చేసింది.

"ఏం చెప్పినావు సార్?" అంది లింగమ్మ బిత్తరపోయి.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఇన్నేళ్ళు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం జాగ్రత్త తెలుసు.

రేపు ఆవిడ బయలుదేరేలోపు ఆ మాటను తెలుగులో అందంగా రాసివ్వాలట. పతకం పక్కన తగిలించుకుంటుందట.

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడకు తెలుగు చదవడం రాదు. లింగమ్మ చెప్పింది రాసినా అంతే అందంగా కనిపిస్తుంది...