పదకొండు టులిప్ గడ్డలు

ఎగైలా,
21 సెప్టెంబరు 2024

శ్రీ బాలసుబ్బయ్య గారికి సోమశేఖర్ నమస్కారములు.

ఖైతాన్‌లోని మీ కూరగాయల దుకాణపు చల్లగదిలో నా మూట ఉంచడానికి అంగీకరించినందుకు కృతజ్ఞుణ్ణి. ఈ గల్ఫ్ ఎండల్లో వేరే దారి లేదు; మా కోడలు ప్రణతి ఫ్రిజ్ నిండా పండ్లే. తలుపు నిమిషానికొకసారి తెరుస్తారు. మూటలో ఏమున్నదీ కారు నడిపే మహమ్మద్ గౌస్ చెప్పే ఉంటాడు. ఎలా ఉంచాలో మాత్రం, ఫోనులో చెబితే నిలవదని, కాగితంపై పెడుతున్నాను. అయిదు డిగ్రీలు. పద్నాలుగు వారాలు. చీకటి. పండ్లకు దూరం. ముడి విప్పరాదు.

మీద ఉన్న పేరు నా భార్య కుముదినిది. ఆమె పోయి మూడేళ్లు. హిమాచల్ చలికొండల్లో మేమిద్దరం నలభై ఏళ్లు పూలతోట పెంచాం. మిగిలినవి ఈ పదకొండే. పాడైతే మరెక్కడా లేవు.

భవదీయుడు,
సోమశేఖర్

తా.క. కుదుపు పనికిరాదు. గౌస్‌ను నెమ్మదిగా రమ్మన్నాను. వెనక కార్లవాళ్లు తిడితే సహించమన్నాను.

ఖైతాన్,
28 సెప్టెంబరు

పెద్దలు సోమశేఖర్ సార్‌కు బాలసుబ్బయ్య దండాలు పెట్టి రాసేది.

గౌస్‌కు మీరేమీ చెప్పలేదంట సార్. పేరు, తేదీ, ఎర్రగుడ్డ చూసి నాకే అర్థమయింది. నేనేమీ అడగను. అమ్మను పైఅరలో పెట్టినాను. అరటిపండ్లు బయటికి తీసేసినాము. చేపలోళ్లకు ఆ గదిలో జాగా ఇచ్చేది మానుకున్నాను. చెప్పులు ఇడిసే లోపలికి పోతాండాము. మా దగ్గర పనిచేసే ఓబులేసు మాత్రం ఒంటరిగా పోనంటాడు. యల్లా, తొందరగా పోరా, అమ్మ ఏమీ అనదులే అంటే, "ఏమీ అనకపోతేనే కదన్నా భయం" అంటాడు.

ఇట్లు,
బాలసుబ్బయ్య

తా.క. నిన్న శుక్రవారం దీపం పెట్టినాము. గది తొమ్మిది డిగ్రీలకు పోయింది. తప్పయితే మన్నించండి.

ఎగైలా,
5 అక్టోబరు

బాలసుబ్బయ్య గారికి నమస్కారములు.

చెప్పులు విడవడం ఉత్తమమైన పద్ధతి. మట్టితో వచ్చే తెగుళ్లు చాలావరకు ఆగుతాయి. నా ప్రయోగశాలలో చదువుకున్నవారికి కూడా ఇంత శ్రద్ధ ఉండేది కాదు. దీపం మాత్రం వద్దు. మీరు "అమ్మ" అని రాశారు. అది చదివి ఉత్తరం కాసేపు పక్కన పెట్టాను.

వారానికొకసారి గుడ్డ మీదుగా వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే క్షేమం. మెత్తబడితే కబురు చేయండి, పారవేయక తప్పదు.

భవదీయుడు,
సోమశేఖర్

తా.క. డిసెంబరు చివర కుండీలోకి మార్చి, పదిమందికీ కనబడేలా బాల్కనీలో ఉంచుతాను. ఫిబ్రవరికి ఆమెను మళ్లీ చూడవచ్చు.

ఖైతాన్,
19 అక్టోబరు

సోమశేఖర్ సార్‌కు దండాలు.

కోపం చేసుకోవాకండి. నొక్కేదానికి నాకు చేతులు రాలేదు. మెత్తబడితే పారేయమని ఏ మొగుడన్నా రాస్తాడా సార్? కుండీలో పెట్టి జనాలకు చూపిచ్చేదేంది? దుఃఖంతో మీకు మతి చెదిరిందని అందరం అనుకున్నాము. దాచిపెట్టుకుంటే ఆమెకూ దారి లేదు, మీకూ నెమ్మది లేదు.

నిన్న పొద్దున గౌస్ కారులో సముద్రానికి పోయినాము. ఓబులేసు వచ్చినకాడికి గోవింద నామాలు చెప్పినాడు. గౌస్ దూరంగా నిలబడి దువా చేసినాడు. ముడి విప్పకుండా నీళ్లలో వదిలేసినాము. ఖలాస్ సార్, అమ్మకు దారి దొరికింది.

ఇట్లు,
బాలసుబ్బయ్య

తా.క. ఎనక్కి తిరగగూడదని చెప్పినా ఓబులేసు తిరిగి చూసినాడు. మూట మునగలేదంట, తేలతానే ఉండాదంట. అమ్మకు మనసొప్పలేదేమోనని నాకు అన్నం పోవడం లేదు.

ఎగైలా,
21 అక్టోబరు

బాలసుబ్బయ్య గారికి నమస్కారములు.

నాలుగు కాగితాలు రాశాను, ఇదొక్కటే పంపుతున్నాను.

మీ తప్పు ఏమీ లేదు. డిగ్రీలు రాశాను, వారాలు రాశాను. రాయవలసిన ఒక్క మాట రాయలేదు. ఆ లోపం నాది.

ఆమె పోయిన రోజు మంచు కురిసింది. మొక్కలు చస్తాయని నేను తోటలోనే ఉండిపోయాను. శ్మశానానికి మా అబ్బాయి ఉజ్వల్ ఒక్కడే వెళ్లాడు. నేను నడవవలసిన నాలుగడుగులు మీరు ముగ్గురూ నడిచారు. ఈసారి ఫిబ్రవరి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఈ వయసులో అదీ ఒక విశ్రాంతే.

దయచేసి భోజనం చేయండి.

మీ,
సోమశేఖర్

తా.క. తేలినందుకు కలత చెందకండి. గుడ్డ నాని, లోపలి గాలి పోవడానికి ఆరేడు గంటలు పడుతుంది. ఆ సాయంత్రానికే మునిగి ఉంటుంది. వృత్తిరీత్యా ఇది నాకు తెలుసు.