కొండల్ని ఆపే బూర

కనుమ కాపరి పనిలోనే తల నెరిసి, ఊరంతా బూరమ్మ అని పిలిచే నేను, మోకాళ్ళు తప్ప తక్కిన ఒళ్ళూ, మొత్తం బుద్ధీ సక్రమంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మా ఊరి మంత్రసాని చేత రాయించి, చదివించుకుని, ఒప్పుకున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. ఇంతకుముందు ఎవరికి ఏం ఇస్తానని నోటితో అన్నా అది చెల్లదు.

1. కనుమను ఎవరికీ రాయడం లేదు. అది నాది కాదు. చలికాలం రాగానే రెండు కొండలూ ఒకదానివైపు ఒకటి జరిగి దారి మూసేస్తాయి. ఎండలు ముదిరాక మళ్ళీ విడిపోతాయి. మా బూర మోగినంతసేపూ కదలకుండా నిలబడతాయి. ఊదేవాళ్ళు ఊపిరి తీసుకుంటే చాలు, మళ్ళీ జరుగుతాయి. అవి పూర్తిగా మూసుకునేలోపు జనాన్ని దాటించడమే మా ఇంటి పని. నా హయాంలో లోపల ఒక్క ప్రాణి కూడా చిక్కుకుపోలేదు. ఈ మాట కాగితం మీద ఉండాలని పట్టుబట్టి రాయించాను.

2. బూర, దాని తోలుపట్టీ, కాపరి గది, కనుమ తలుపు తాళాలు నా తదనంతరం సర్వహక్కులతో మా కోడలికి చెందుతాయి. కన్నకొడుకు ఉండగా కోడలికేమిటని ఎవరైనా అడిగితే, ఈ కింది సంగతి వాళ్ళకు గట్టిగా చదివి వినిపించాలి.

ఒక ఏడాది కొండలు మంచు పడకముందే కదిలాయి. అవతల ఆగిన వర్తకులను తన సత్రానికి తెచ్చుకుందామని మా అన్నయ్య నాకు చెప్పకుండా లోపలికి వెళ్ళి ఉన్నాడు. నాకు అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి, పరుగెత్తలేను. తలుపు దగ్గర నిలబడి బూర అందుకున్నాను. కోడలు కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు.

"ఆగమ్మా, నీకు దారి తెలీదు" అన్నాను.

"ఉన్నదొకటే దారి కదా అత్తయ్యా, తప్పిపోవడానికేముంది? మీరు ఊదుతూ ఉండండి" అంటూ లోపలికి పరుగు తీసింది.

ఊదాను. పెదవులు చిట్లాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా బండలు ఒరుసుకుంటున్న చప్పుడు. చివరికి నాలో గాలి అయిపోయింది. బూర నోటి దగ్గరే ఉంది, శబ్దం లేదు. అప్పుడు రొట్టెల బట్టీ వదిలేసి పిండిచేతులతో వచ్చిన నా కొడుకు బూర లాక్కున్నాడు. వాడికి చిన్నప్పుడు ఎంత నేర్పినా అది పట్టుబడలేదు. అయినా కళ్ళు మూసుకుని ఊదాడు. కొండలు ఆగాయి.

కోడలు మా అన్నయ్యను చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ, పక్కకు తిరిగి అడుగులు వేస్తూ బయటపడింది. అతని అంగీ రాళ్ళ మధ్య ఇరుక్కుని లోపలే ఉండిపోయింది.

"చివర్లో ఊదింది మీరు కాదు కదా అత్తయ్యా?" అంది, ఇంకా ఆయాసపడుతూనే.

నా కొడుకు నేల చూపులు చూస్తూ "నేనే" అన్నాడు.

"బాగానే ఊదారు లెండి. కాస్త దూడ అరిచినట్టుంది, అంతే" అని అక్కడే కూలబడి నవ్వింది. ఆ నవ్వు విన్నాక, నా తర్వాత ఈ బూర ఎవరిదో నేను ఇంకెవర్నీ అడగలేదు.

3. మా నాన్న పోయి బూర నా చేతికి వచ్చిన రోజున, పదిమందిలో "ఆడదానికి అంత ఊపిరెక్కడిది?" అన్న మా అన్నయ్యకు నా గొర్రెతోలు అంగీ ఇస్తున్నాను. చలి అతనికి పడదు. తన అంగీ రాళ్ళలో ఇరుక్కున్న ఆ రోజు తానే మా కోడల్ని కాపాడి తెచ్చినట్టు సత్రంలో దిగిన వాళ్ళకు కథ చెబుతుంటాడని విన్నాను. ఆ కథ ఈ వీలునామాతో రద్దయింది.

4. ఇల్లు, రొట్టెల బట్టీ, వాటి కింది స్థలం నా కొడుక్కి. కాపరి కడుపున పుట్టి రొట్టెలు కాల్చడమేమిటని నన్ను దెప్పినవాళ్ళంతా వాడి రొట్టెలు మూటకట్టుకునే కనుమ దాటారు. వాడు నాకెప్పుడూ తలవంపులు తేలేదు.

5. మా నాన్న నాకు చెక్కిచ్చిన కొయ్య ఈల మనవరాలికి. అది ఎప్పుడు ఊదినా, ఇంట్లో ఎంతమంది నిద్రపోతున్నా, ఎవరూ దాన్ని కసురుకోరాదు. ఇది షరతు.

6. నేను పోయిన రోజున కనుమ ఇంకా పూర్తిగా మూసుకోని కాలమైతే, సంతాపమని చెప్పి తలుపు మూయకూడదు. బయట బాటసారులు వేచి ఉంటే ముందు వాళ్ళను దాటించి, బూర తుడిచి మేకుకు తగిలించి, ఆ తర్వాతే నా దగ్గరికి రావాలి. నాకు ఇక తొందరేమీ ఉండదు.

తేదీ: కొండలు కదలడానికి ఇంకా నెల ఉందనగా, ఎండ బాగా కాసిన రోజు.

సంతకం: బూరమ్మ, కనుమ కాపరి

సాక్షులు:
తలుపు బందులు చేసిన కమ్మరి
కంబళ్ళు నేసే పెద్దాయన