గవదబిళ్ళ గొలుసు

హైదరాబాదు, 1941 డిసెంబరు

ప్రియమైన అమ్మకు,

దసరాకు వచ్చినప్పుడు నీ ఎడమ చెవి కింద వాపు, మెడలో పక్కింటి కృష్ణమ్మ అత్త బంగారు గొలుసు చూశాను. గవదబిళ్ళకు గొలుసు వేసుకుంటే తగ్గుతుందన్నావు. సరే. కార్తీకం కూడా పోయింది, గొలుసు ఇంకా తీయలేదని బాపు రాశాడు. గవదబిళ్ళ ఇన్నాళ్లుంటుందా? పైగా ఆ రోజు చింతకాయ తొక్కు నంజుకుని హాయిగా తిన్నావు. గవదకు పులుపు తగిలితే ప్రాణం పోతుందని నా చిన్నప్పుడు చెప్పింది నువ్వే.

అదే ఉత్తరంలో బాపు సూర్యాపేట సంబంధం ఎత్తాడు. జబ్బు సాకుతో నన్ను కాలేజీ నుంచి రప్పిద్దామనా? ఎవరిచేతా రాయించకు. నేను నేర్పిన అక్షరాలతో నువ్వే రాయి.

అనుమానం తీరని నీ కూతురు,
అండాలు

*

నకిరేకల్

ప్రియమైన బిడ్డ అండాలుకు,

చదువు ఎక్కువైతే అమ్మ తొక్కు తిన్నా దొంగతనంగనే కనబడ్తది. నిన్ను రమ్మని నేను ఎన్నడన్న రాసిన్నా? సంబంధం ముచ్చట బాపుది, నాది గాదు. గవద మొండిది, గంతే. ఫికర్ జెయ్యకు. కృష్ణమ్మ గొలుసు అడుగుతలేదు. నాకు ఎడమ చెయ్యి లేస్తలేదని నిన్న బట్టలు గూడ ఆమెనే ఆరేసి పోయింది. జర మంచిగ తిను.

నీ అమ్మ,
నిర్మలమ్మ

*

హైదరాబాదు

ప్రియమైన అమ్మా,

గవదకు చెయ్యెందుకు లేవదు? నీ ఉత్తరం పట్టుకుని జనానా దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ సగం విని, "మీ అమ్మకు రొమ్ములో గడ్డ ఉందా?" అన్నది. పండగ నాడు వీపు రుద్దుతానంటే నువ్వు లోపల గడియ పెట్టుకోవడం గుర్తొచ్చింది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు భయమేస్తోంది.

ఇక్కడ చూసేది ఆడ డాక్టరే. వెంటనే హైదరాబాదు బస్సెక్కు. బాపుకు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

స్టాండులో ఎదురుచూసే
అండాలు

*

హైదరాబాదు, 1942 జనవరి

ప్రియమైన అమ్మా,

తిరుగు బస్సెక్కేటప్పుడు, ఏం తేలినా దాచనని ఒట్టేయించుకున్నావు. అందుకే రాస్తున్నాను. రొమ్ములోంచీ చెవి కిందనుంచీ తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో చూశారు. రెండూ ఒకటే. రొమ్ములోది రాచపుండు, ఇంగ్లీషులో క్యాన్సర్ అంటారు. అదే పాకి, నోట్లో ఉమ్మి ఊరించే గ్రంథిలో దిగింది. అక్కడికి పోవడం చాలా అరుదట. డాక్టరమ్మ కూడా మొదట అది వేరే గడ్డేమో అనుకున్నదట. కోసి తీసేస్తే పోయే దశ దాటింది. ఎక్స్‌రే కిరణాలు పట్టే కరెంటు వైద్యంతో నొప్పి తగ్గించవచ్చు. నువ్వు మళ్లీ రావాలి.

నేను కాలేజీ మానేస్తాను. ఒక్కటి చెప్పు, గొలుసుతో తగ్గుతుందని నిజంగా నమ్మావా?

నీ
అండాలు

*

నకిరేకల్

ప్రియమైన బిడ్డకు,

మానేస్తనన్న మాట ఇంకోసారి రాయకు.

గవద గాదని మొదలే ఎరుక. రొమ్ముల గడ్డ ఎండకాలం నుంచే ఉండె. మెడల గొలుసుంటే ఎవలైన గవద అంటరు, కిందికి చూడరు. పెద్ద రోగమని తెలిస్తే మీ బాపు ఊకుంటడా? "పొయ్యికాడ ఎవలుంటరు, పిల్లను తోలుకొస్త" అంటడు. వచ్చినంక పెండ్లి గూడ గప్పుడే. నిన్ను రప్పించే సాకు అనుకున్నవు. నిన్ను రానియ్యొద్దనే వేసుకున్న, పిచ్చిదానా.

కరెంటు మందుకు వస్త. గవదకే అని బాపుకు చెప్పిన. కృష్ణమ్మకు ఒక్కదానికే అసలు సంగతి చెప్పిన. "పిల్ల పరీక్షలయ్యేదాక గొలుసు నీ మెడలనే ఉండనియ్యి వదినా" అన్నది. బస్సు దిగంగ అది చూసి కండ్ల నీళ్లు పెట్టకు, నలుగురు చూస్తరు.

నీ
అమ్మ