సౌండ్ ఆపేసిన గేమ్

ఆదివారం రాత్రి

సాయంత్రం ఆమదాలవలసలో అక్కావాళ్లింట్లో మళ్లీ అదే వాదన. "టెక్నాలజీ పెరిగి గేముల్లో మ్యూజిక్ సచ్చిపోనాదిరా" అంటాడు బావ. ఇప్పుడు ఏకంగా ఆర్కెస్ట్రాలతో చేస్తున్నారన్నాను. ఇంతలో కరెంటు పోయింది. చిన్నప్పుడు మేమిద్దరం టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ ఇలాగే మధ్యలో ఆగిపోతే చేసినట్టే, బావ ఆ పాత ట్యూన్ నోటితో అందుకున్నాడు. మిగతాది నేను పూర్తిచేశాను.

పక్కనే ఫోన్లో ఆడుకుంటున్న మేనకోడలిని తన గేమ్ ట్యూన్ పాడమన్నాను.

"దీనికి ట్యూనుంటాదేటి మావా?" అంది.

సౌండ్ పెట్టించాను. వయొలిన్లు వినిపించాయి. చాలా బాగుంది. బావ కూడా కాదనలేదు.

"ఆ గోల ఆపీయే" అంది అక్క వంటింట్లోంచి. పిల్ల వెంటనే ఆపేసింది.

అప్పట్లో అమ్మ కూడా మాతో అదే మాట అనేది. మేం ఆపేవాళ్లం కాదు.