తువ్వాలు కింద నాలుగో వేలు

1955 జనవరి 7
పరువు పోయిందనే అనుకున్నా. పోలేదు. ఆస్పరి రైతుతో పత్తి బేరం. తువ్వాలు కింద ఎన్ని వేళ్లు పడితే అంత ధర. అతని వేళ్లు మూడు పట్టుకోవాలి... కంగారులో నాలుగు పట్టేశా. చెయ్యి వదిలాక ధర ఖాయం. ఆదోని మార్కెట్లో మాట మార్చడం లేదు. రైతు నవ్వాడు — "మీ నాయన మొగం సూసి వదిలేస్తాండా. మూడే లేప్పా." ప్రతి ఏడూ పత్తి మా కొట్టుకే తెస్తాడు మరి.

జనవరి 11
ఇవాళ రంగన్నా నాలుగు పట్టాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటివాడు, నాతోపాటే వ్యాపారం మొదలెట్టినవాడు. దూది పోగు బొటనవేళ్ల మధ్య లాగి పొడవు చెప్పడం నాకు నేర్పింది అతనే. "పొరపాటైందన్నా, మూడే అనుకున్నా" అని రైతును బతిమాలాడు. తీర్పుకు మార్కెట్ పెద్దలు కూర్చున్నారు. నడుమ నాయన. "చెయ్యి వదిలినాక ఇంకేం మాటుందప్పా? ఇచ్చుకో."

రంగన్న నావైపు చూశాడు. మొన్న నా సంగతి పక్కనే నిలబడి చూసినవాడు. నేను నోరు విప్పితే చాలు. విప్పలేదు.

జనవరి 12
నన్ను వదిలేశారు గదా, రంగన్ననెందుకు వదల్లేదని నాయనను అడిగా. "నువ్వూ వాడూ ఒకటేనేమిరా?" అంతే.

ఫిబ్రవరి 2
నాలుగు వేళ్ల ధర ఇచ్చుకోలేకపోయాడని రంగన్నకు ఎవరూ బేరానికి చెయ్యి ఇవ్వడం లేదు. భుజాన తువ్వాలుతో బండ్ల మధ్య తిరుగుతాడు. రైతులు చేతులు కట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చాడు — "అందరూ సూస్తుండగా ఒక్క బేరం నాతో సెయ్యప్పా. నువ్వు సెయ్యిస్తే మిగతావాళ్లూ ఇస్తారు." రేపు చూద్దాం అన్నా. సిగ్గులేని మాట.

ఫిబ్రవరి 3
రాలేదు. ఎమ్మిగనూరు పోయాడట. మళ్లీ మగ్గం.

1958 డిసెంబరు 14
పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు నేను తెరిచి ఏడాది. వర్తకులు సన్మానం చేస్తారట. ఆహ్వానపత్రంలో అచ్చు — 'స్వయంకృషితో పైకొచ్చిన యువకుడు'. స్థలం నాయనది. మిషన్లు మామ పూచీ మీద. స్వయంకృషి! నామీద నాకే అసహ్యం.

డిసెంబరు 17
ప్రసంగంలో రంగన్న సంగతి రాశా. చించా. మళ్లీ రాశా. రేపు సభలో చదవాలి.

డిసెంబరు 18
చదవలేదు. "కష్టపడితే ఎవరైనా..." అన్నా. చప్పట్లు. నాయన కళ్లు తుడుచుకున్నాడు.

శాలువకు బదులు ఎమ్మిగనూరు దుప్పటి కప్పారు. వేదిక దిగుతుంటే ఎదురుగా రంగన్న. దుప్పటి నేసి తెచ్చింది అతనేనట. "బాగుండావాప్పా?" చెయ్యి చాచాడు. దుప్పటి అంచు మా చేతుల మీదికి జారింది. దాని కింద నా వేళ్లు పట్టుకున్నాడు. లెక్కగా నాలుగు.

వదల్లేదు. చుట్టూ జనం నవ్వుతూ చూస్తున్నారు. ముందు ఎవరం వదిలామో గుర్తులేదు...

నేనే.

డిసెంబరు 19
పొద్దున్నుంచి బస్టాండులో. సభలో చదవని ఆ కాగితం జేబులోనే ఉంది. ఎమ్మిగనూరు బస్సులు రెండు పోయాయి. మూడోది వచ్చి నిలబడింది.