మా ఊళ్లో డిస్కస్ పిల్లలు

మార్చి 3, 2004
మా ట్యాంకులో డిస్కస్ చేప పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి! అమ్మానాన్నల ఒంటి మీది జిగురే వీటికి పాలు. ఒకటి అలిసిపోతే పిల్లల్ని రెండోదానికి అప్పగించి పక్కకు తప్పుకుంటుంది. మా నాన్న నన్ను ఎత్తుకున్న గుర్తే లేదు నాకు.

ఇంతకుముందు పెట్టిన పిల్లలన్నీ పోయాయి. ఇవి కూడా పోతే ట్యాంకు అమ్మేసి ఆ గదిలో మిరపకాయల గోతాలు, అదే టిక్కీలు, పెట్టిస్తానని మా ఆవిడ కోటిరత్నం తేల్చిచెప్పింది. టిక్కీలకు నీడ లేదు గానీ చేపలకు ఏసీనా అని దెప్పింది. ఏసీ కాదే, హీటరు, అన్నాను. ఇంకా మండిపడింది.

మార్చి 5
నీళ్లే అసలు తంటా. మా బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు. పప్పు ఉడకని నీళ్లలో డిస్కస్ పెరగదు. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, నేనే కనిపెట్టాను. చేపలమ్మిన గుంటూరు అబ్దుల్ ఖాదర్ ఫోన్‌లో అదే సంగతి ఇంగ్లీషు కలిపి చెప్పాడు: హార్డ్ వాటరండీ, వాన నీళ్లు పట్టండి, అని. మార్చిలో వాన ఎక్కణ్ణుంచి తేను?

మార్చి 9, సాయంత్రం
వాన! ఊరంతా టార్పాలిన్ పట్టాలు పట్టుకుని, మిరపకాయలు ఆరబోసిన కల్లాలకు పరిగెడుతుంటే, నేనొక్కణ్ణే డ్రమ్ము పట్టుకుని మా డాబా గొట్టం కిందికి పరిగెత్తాను. ఒరేయ్ అంకమ్మరావూ, కాయలు తడిసి మేం ఏడుస్తుంటే నీకు పెళ్లిలా ఉందేంట్రా, అని ఎదురింటి జక్రయ్య అరిచాడు. నీళ్లలో ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూశాను. అమృతం. ట్యాంకులో సగం నీళ్లు మార్చేశాను.

మార్చి 10, ఉదయం
పెద్ద చేపలు నల్లబడ్డాయి. పిల్లలు వాటిని వదిలేసి పైపైన కొట్టుకుంటున్నాయి. మీటరు బాగుంది. చేపలు బాగాలేవు.

మార్చి 10, మధ్యాహ్నం
చచ్చిన పిల్లల్ని తీస్తూ తడిచేత్తో కళ్లు తుడుచుకున్నాను. భగ్గుమన్నాయి. అప్పుడు వెలిగింది. కల్లంలో చోటు చాలక మొన్నటిదాకా కాయలు ఆరబోసింది ఈ డాబా మీదే. కాయలు ఎత్తేశాం. కారమూ, వాటి మీద కొట్టిన మందులూ ఎత్తలేదు. వాన కడిగింది, నేను పట్టాను. కారం కొలిచే మీటరు నా దగ్గర లేదు.

కళ్లనీళ్లు కారుతూ నిలబడ్డ నన్ను చూసి కోటిరత్నం, చేపల కోసం ఇంత ఏడుపా అనుకుందట. కారం సంగతి చెప్పబోయి ఆగాను. ఆమె చరచరా జక్రయ్య ఇంటికెళ్లింది. అక్కడ ఆ రోజే వాళ్లమ్మాయి ప్రధానం, పెళ్లి నిశ్చయం. భోజనాలకు మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించారు. ఒక క్యాను జక్రయ్యే భుజాన వేసుకొచ్చాడు. నా వియ్యంకుడు బోరు నీళ్లు తాగాలి, నీ చేపలు మినరల్ వాటర్ తాగాలి, ఇదేం న్యాయంరా, అని వీధంతా వినేట్టు తిట్టాడు. తిడుతూనే రెండోది తెచ్చాడు.

మార్చి 11
క్యాను నీళ్లు మరీ తేలికవకుండా కాసిని బోరు నీళ్లు కలిపి, ట్యాంకుతో సమానంగా వెచ్చబెట్టి, సెలైన్ గొట్టంతో సన్నగా వదిలాను. మిగిలిన పిల్లలు మళ్లీ తల్లిని అంటుకున్నాయి. గెలిచాను. ఎవరి మీదో తెలీదు.

ఏప్రిల్ 25
రూపాయి బిళ్లంత అయ్యాయి. ఖాదర్ వచ్చి ముందు వాటి కళ్లు చూశాడు. నీళ్లు సరిపడక గిడసబారిన పిల్లకు ఒళ్లు పెరగదు, కళ్లు మాత్రం గుడ్లగూబలా పెరుగుతాయట. వీటివి చిన్న కళ్లు, గుండ్రటి ఒళ్లు. ఏం నీళ్లండీ ఇవి, నాకూ చెప్పరాదూ, అన్నాడు. జక్రయ్యనడుగు, అన్నాను.

మే 30
టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి పోయాయి. పెద్ద జంట మళ్లీ గుడ్లు పెట్టింది. కారం ఘాటుందేమోనని కోటిరత్నం నా చేతులు వాసన చూసి ట్యాంకు గదిలోకి రానిచ్చింది.